ముగింపు తెలిసిన కథకే జనం ఎక్కువ

2023లో అమెరికా ఓటీటీల్లో జనం అన్నిటికంటే ఎక్కువ సేపు చూసిన షో ఆ ఏడాది తీసింది కాదు, అంతకు ముందు ఏడాది తీసిందీ కాదు. 2011లో ఓ కేబుల్ ఛానెల్లో మొదలై, 2019లో పెద్దగా సందడి లేకుండా ముగిసిపోయిన 'సూట్స్' అనే లాయర్ల కథ అది. టీవీ వీక్షణ లెక్కలు కట్టే నీల్సన్ సంస్థ చెప్పిన ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో దాన్ని చూసిన సమయం 5,770 కోట్ల నిమిషాలు. ఏళ్లలోకి మారిస్తే దాదాపు లక్షా పదివేల ఏళ్లు. అంతకు ముందున్న రికార్డు కూడా కొత్త షోది కాదు. 2020లో 5,710 కోట్ల నిమిషాలతో ఆ రికార్డు కొట్టిన 'ది ఆఫీస్' 2013లోనే అయిపోయింది.

కొత్త షో జనం చేత చందా కట్టిస్తుంది, పాత షో ఆ చందా రద్దు కాకుండా కాపాడుతుంది అన్నది ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు తరచూ చెప్పే మాట. సగం నిజమే. మిగతా సగం తెలియాలంటే ఆ పాత షోలను ఎలా కట్టారో చూడాలి. పదేళ్ల తర్వాత కూడా అవి చూడబుద్ధి కావడం అనుకోకుండా జరిగింది కాదు. మళ్లీ మళ్లీ వేసుకోవడానికి వీలుగానే వాటిని తయారుచేశారు. ఇప్పటి ఓటీటీలు అలాంటివాటిని తయారుచేయడం చాలావరకు మానేసి, పాత గాదెలోంచి తీసి వడ్డిస్తున్నాయి.

గాదె ఎలా నిండిందో ముందు చూద్దాం. రీరన్, అంటే పాత ఎపిసోడ్‌నే మళ్లీ వేయడం, ఓ బేరంలోంచి పుట్టింది. 1951లో సీబీఎస్ ఛానెల్ 'ఐ లవ్ లూసీ' అనే హాస్య కథ మొదలుపెట్టింది. అప్పట్లో ఇలాంటివి ఎక్కువగా న్యూయార్క్ నుంచి ప్రత్యక్ష ప్రసారంగా వెళ్లేవి. దూరప్రాంతాల కోసం టీవీ తెర ముందు కెమెరా పెట్టి, బొమ్మను మళ్లీ ఫిల్మ్ మీదకెక్కించి పంపేవారు. ఆ కాపీ మసకమసకగా ఉండేది. నటించే దంపతులు లూసిల్ బాల్, డెసీ ఆర్నాజ్ మాత్రం హాలీవుడ్ వదిలి రామన్నారు. అక్కడే, ప్రేక్షకుల ముందు, మూడు కెమెరాలతో 35 మి.మీ. ఫిల్మ్ మీద తీస్తామన్నారు. ఖర్చు పెరుగుతుందంటే జీతం కొంత తగ్గించుకోవడానికి ఒప్పుకున్నారు. బదులుగా వాళ్లు అడిగింది తీసిన ఎపిసోడ్ల మీద హక్కు. ఒకసారి ప్రసారమైపోయిన దాంతో ఎవరికేం పని అనుకున్న రోజులవి, కాబట్టి ఆ హక్కు సులువుగానే దక్కింది. ఆ తర్వాత లూసిల్ బాల్ గర్భవతి అయి విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చినప్పుడు ఖాళీ పూడ్చడానికి పాత ఎపిసోడ్లు మళ్లీ వేశారు. జనం హాయిగా చూశారు. హక్కు విలువేమిటో అప్పుడు తెలిసింది.

బ్రిటన్‌లో కథ అడ్డం తిరిగింది. వీడియో టేపు ఖరీదైనది, చెరిపి మళ్లీ వాడుకోవచ్చు. పైగా అక్కడి నటుల సంఘంతో ఉన్న ఒప్పందాలు పునఃప్రసారాలకు పరిమితి పెట్టాయి. పాతవే తిప్పి వేస్తుంటే కొత్త పని దొరకదని నటుల భయం. దాంతో బీబీసీ 1960లు, 70లలో బోలెడన్ని టేపులు చెరిపేసింది. 'డాక్టర్ హూ' అనే షో తొలినాళ్ల ఎపిసోడ్లు 90కి పైగా ఇవాళ్టికీ బొమ్మ లేకుండానే ఉన్నాయి. ఇంట్లో టీవీ పక్కన టేప్‌రికార్డర్ పెట్టి పట్టుకున్న అభిమానుల పుణ్యమా అని మాటలు, సంగీతం మాత్రం మిగిలాయి. ఆ అభిమానులకు ఉన్న ముందుచూపు అంత పెద్ద సంస్థకు లేకపోయింది.

అమెరికాలో మాత్రం హక్కుల బేరం ఓ పద్ధతిగా స్థిరపడింది. స్టూడియో ఒక ఎపిసోడ్ తీయడానికి పెట్టే ఖర్చు ఛానెల్ ఇచ్చే రుసుముతో పూర్తిగా తీరదు. ఆ లోటు తర్వాత పూడాలి. అందుకు దారి సిండికేషన్, అంటే ఒక ఛానెల్లో ఆడిన షోను ఊరూరా ఉన్న స్థానిక స్టేషన్లకు అమ్ముకోవడం. వాళ్లు రోజూ అదే వేళకు, వారానికి ఐదు రోజులు వేస్తారు. చేతిలో 100 ఎపిసోడ్లుంటే 20 వారాలు గడుస్తాయి, ఆ తర్వాత మళ్లీ మొదటికి వచ్చినా జనం విసుక్కోరు. ఏడాదికి 22 చొప్పున తీస్తే ఐదో సీజన్లో వంద దాటుతుంది. నాలుగో సీజన్లో నీరసపడ్డ షోలను కూడా ఈడ్చుకుంటూ ఐదో సీజన్ దాకా తీసుకెళ్లింది ఈ లెక్కే. వంద చేరకుండానే గట్టెక్కినవీ లేకపోలేదు. 'స్టార్ ట్రెక్' 1969లో మూడు సీజన్లకే ఆగిపోయింది, మొత్తం 79 ఎపిసోడ్లు. దానికి అభిమానగణం తయారైంది ఆ తర్వాతే, రీరన్లలో. 1979లో సినిమాగా మళ్లీ తీయగలిగారంటే ఆ చలవే.

ఈ ఏర్పాటు కథలు చెప్పే తీరునే మార్చింది. స్థానిక స్టేషన్ ఎపిసోడ్లను వరసలో వేస్తుందన్న భరోసా లేదు. చూసేవాడు నిన్నటిది చూశాడన్న భరోసా అసలే లేదు. అందుకని ప్రతి ఎపిసోడూ తన కాళ్ల మీద తాను నిలబడాలి. సమస్య పుడుతుంది, ముదురుతుంది, తీరుతుంది. చివరికి ఎవరి కుర్చీలో వాళ్లు, ఎవరి సోఫాలో వాళ్లు.

పాత షో ఒకదాన్ని ఓటీటీలో పెట్టుకుని కాస్త నిదానంగా గమనిస్తే అతుకులు కనిపిస్తాయి. పదో నిమిషం దగ్గర సంగీతం ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఒక పాత్ర గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, పిడుగులాంటి మాట ఒకటి అంటుంది. తెర నల్లబడుతుంది. ఒక సెకను, మహా అయితే రెండు. మళ్లీ వెలుగు రాగానే ఆఫీసు భవనం బయటి నుంచి కనిపిస్తుంది, లోపల ఎవరో, "అంటే ఆ సంతకం ఆయనది కాదంటావు!" అని అంతకు ముందు జరిగిందంతా ఒక ముక్కలో చెప్పేస్తారు. ఆ నల్లటి సెకనులో ఒకప్పుడు మూడు నిమిషాల ప్రకటనలుండేవి. భవనం చూపించడం, జరిగింది మళ్లీ చెప్పడం అప్పుడే ఛానెల్ మార్చి వచ్చినవాళ్ల కోసం. ప్రకటనలు పోయాయి, అతుకు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు తమాషా ఏమిటంటే, ఆ అతుకే అక్కరకొస్తోంది. ఇవాళ టీవీ ముందు కూర్చున్నవాళ్ల చేతిలో ఫోన్ ఉంటుంది. బట్టలు మడతపెడుతూ చూస్తారు, మధ్యలో లేచి వెళ్లి వస్తారు. పాత షో వాళ్ల కోసం ఆగుతుంది. కథంతా మాటల్లోనే నడుస్తుంది కాబట్టి తెర చూడకపోయినా చెవికి అందుతుంది. కొత్త ఓటీటీ కథ అలా కాదు. చీకటి గదిలో చూపుల్తో జరిగిపోయే సన్నివేశం ఒకటి తప్పిపోతే, మూడు ఎపిసోడ్ల తర్వాత ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో అర్థం కాదు. కళగా చూస్తే కొత్తదే ఎక్కువ మెట్టు ఎక్కి ఉండవచ్చు. రోజంతా పనిచేసి వచ్చినవాడికి రాత్రి పదిన్నరకు కావలసింది మాత్రం ఆ మెట్టు కాదు.

మనస్తత్వ శాస్త్రం దీనికి చెప్పే కారణాలు కొన్ని ఉన్నాయి. పదేపదే ఎదురైన వస్తువు మీద, ఇంకే కారణం లేకపోయినా, మనసు కొంత మొగ్గుతుందని రాబర్ట్ జాయన్స్ 1968లోనే చూపించాడు. జే డెరిక్ అనే పరిశోధకురాలు అలసిన మనసుకు ఇష్టమైన షోలోని పరిచిత ప్రపంచం స్వీయనిగ్రహాన్ని తిరిగి ఇస్తుందని రాసింది. కాకపోతే నిగ్రహం బ్యాటరీలా ఖర్చయిపోతుందన్న మూల సిద్ధాంతం మీదే తర్వాత గట్టి అనుమానాలు లేచాయి కాబట్టి దాన్ని కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలి. క్రిస్టెల్ రస్సెల్, సిడ్నీ లెవీ 2012లో ప్రచురించిన అధ్యయనం ఇంతకంటే ఆసక్తికరం. చదివిన పుస్తకమే మళ్లీ చదివేవాళ్లతో, చూసిందే మళ్లీ చూసేవాళ్లతో మాట్లాడి, వాళ్లు వెనక్కి వెళ్లేది పాత రోజుల మీద బెంగతోనే కాదని తేల్చారు. కథ మారదు కాబట్టి తాము ఎంత మారామో దాని పక్కన నిలబడి కొలుచుకుంటారట. ఇరవై ఏళ్లప్పుడు కొడుకు పాత్ర పక్షాన ఉన్నవాడు నలభైలో తండ్రి పాత్ర వైపు వాదిస్తాడు.

పిల్లలకు ఈ సిద్ధాంతాలేవీ అక్కర్లేదు. 2024లో నీల్సన్ జాబితాలో మొదటి స్థానం 'బ్లూయీ' అనే పిల్లల కార్టూన్‌ది, 5,500 కోట్ల నిమిషాలు దాటింది. ఎపిసోడ్ ఏడు నిమిషాలు. ఒకే ఎపిసోడ్ వరసగా నాలుగుసార్లు పెట్టమనే మూడేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో రీరన్ అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు.

అయితే నిమిషాల లెక్కలో ఓ మెలిక ఉంది. అది మళ్లీ చూసినవాళ్లను, మొదటిసారి చూసినవాళ్లను విడదీయదు. 'సూట్స్'నే తీసుకుంటే 134 ఎపిసోడ్లు, ఒక్కొక్కటి 42, 43 నిమిషాలు, మొత్తం సుమారు 5,700 నిమిషాలు. అంటే కోటిమంది మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి చూస్తే చాలు, ఆ రికార్డు అంకె వచ్చేస్తుంది. ఎనిమిది ఎపిసోడ్ల కొత్త షో నిడివి 400 నిమిషాలనుకుంటే, అదే అంకెకు 14 కోట్లమందికి పైగా పూర్తిగా చూడాలి. కాబట్టి పాత షో గెలిచిందంటే కొత్తదాని కంటే ఎక్కువమందికి నచ్చిందనే కాదు. దాని దగ్గర సరుకు ఎక్కువ. జనం తీరిగ్గా వారాల తరబడి అందులో ఉండిపోవచ్చు. నెలనెలా చందా వసూలు చేసే కంపెనీకి కావలసింది కూడా అదే.

ఆ సరుకుకు పలికిన ధరలు చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. 2019లో 'ది ఆఫీస్'ను ఐదేళ్లపాటు తన సొంత ఓటీటీలో పెట్టుకోవడానికి ఎన్‌బీసీయూనివర్సల్ 50 కోట్ల డాలర్లు లెక్కకట్టింది. అదే ఏడాది 'ఫ్రెండ్స్' కోసం వార్నర్‌మీడియా 42.5 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుంది. రెండు చోట్లా షో హక్కులు ఆ గూటికి చెందినవే. నెట్‌ఫ్లిక్స్ చేతిలోంచి వెనక్కి లాక్కోవడానికి తమ జేబులోంచి తమ జేబులోకే డబ్బు మార్చుకున్నట్టు. ఇంత చేసి 'సూట్స్' విషయంలో అదే ఎన్‌బీసీయూనివర్సల్ మళ్లీ నెట్‌ఫ్లిక్స్‌కే అద్దెకిచ్చింది. గోడ కట్టుకుంటే సరుకు భద్రంగా ఉంటుంది, జనం కంట మాత్రం పడదు.

చూసేవాడి వైపు నుంచి ఈ బేరాల ఫలితం ఒక్కటే: నిన్న ఉన్న షో ఇవాళ ఉండదు. ఉన్నా, అది నిన్నటి షోయేనా అన్నది ఇంకో ప్రశ్న.

పాత టీవీ తెర దాదాపు చదరం, 4:3 నిష్పత్తి. ఇప్పటి తెర వెడల్పు, 16:9. పాత బొమ్మను అలాగే వేస్తే పక్కల నల్లటి పట్టీలు మిగులుతాయి. అవి చూసి జనం ఏదో లోపమనుకుంటారన్న భయంతో కంపెనీలు బొమ్మను సాగదీసి, పైనా కిందా కోసేస్తాయి. 2019 నవంబరులో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు 'ది సింప్సన్స్' ఇలాగే వచ్చింది. ఆ కార్టూన్ షోలోని ఓ ఎపిసోడ్లో హోమర్ అనే పాత్ర బీరు ఫ్యాక్టరీ చూడటానికి వెళ్తుంది. మామూలు డఫ్, డఫ్ లైట్, డఫ్ డ్రై అని మూడు పెద్ద పీపాలు వరసగా ఉంటాయి. మూడింటిలోకీ బీరు వచ్చేది పైనున్న ఒకే గొట్టంలోంచి. జోకంతా ఆ గొట్టంలోనే ఉంది. బొమ్మ పైభాగం కోసేసరికి గొట్టం పోయింది, మూడు పీపాలు మిగిలాయి. అభిమానులు పక్కపక్కన రెండు బొమ్మలు పెట్టి గోల చేశాక, 2020 మే నెలాఖరుకు అసలు నిష్పత్తిలో చూసుకునే మీట ఇచ్చారు.

2021లో నెట్‌ఫ్లిక్స్‌లోకి 'సైన్‌ఫెల్డ్' వచ్చినప్పుడు ఇదే మళ్లీ జరిగింది. రోడ్డు మీద గుంత చుట్టూ తిరిగే ఎపిసోడ్ ఒకటుంది, దాని పేరే గుంత. అందులో జార్జ్ అనేవాడు నడిరోడ్డు మీద నిలబడి కిందికి చూస్తుంటాడు. కోసిన బొమ్మలో గుంత లేదు. ఓ మనిషి నేల వైపు తీక్షణంగా చూస్తున్నాడు, అంతే. ఎందుకు చూస్తున్నాడో కొత్తగా చూసేవాడికి తెలిసే దారి లేదు, ఏదో పోగొట్టుకున్నాడనుకోవాలి.

పాటలది ఇంకో గోడు. టీవీలో వేయడానికి కొన్న పాట హక్కు చాలాసార్లు టీవీ ప్రసారానికే, అదీ ఇన్నేళ్లకని ఉంటుంది. 1978లో రాసుకున్న ఒప్పందాల్లో డీవీడీ, ఓటీటీ అన్న మాటలు ఎలా ఉంటాయి? రేడియో స్టేషన్ నేపథ్యంగా అప్పుడు మొదలైన 'డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటీ'లో పాటలే ప్రాణం. గడువు తీరాక అసలు పాటలు తీసేసి ఊరూపేరూ లేని సంగీతం అతికించారు. డీజే పాత్ర పాటను పొగుడుతూ ఉంటుంది, వెనకాల వినిపించేది ఇంకేదో. పాటల అనుమతులు తేలక ఏళ్ల తరబడి మూలన పడి ఉన్నవీ ఉన్నాయి. 1980ల 'మూన్‌లైటింగ్' ఓటీటీకి వచ్చేసరికి 2023 అక్టోబరు అయింది.

ఇక వీటిని రాసినవాళ్ల సంగతి. రీరన్ పడ్డప్పుడల్లా రచయితలకు, నటులకు కొంత డబ్బు ముట్టడం అమెరికా టీవీలో 1950ల నుంచి సంఘాలు పోరాడి తెచ్చుకున్న హక్కు. స్టేషన్లో ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లు లెక్క తేలేది. ఓటీటీలో 'వేయడం' అన్నదే లేదు, షో అక్కడ ఊరికే ఉంటుంది. కోటిమంది చూసినా పదిమంది చూసినా లెక్క దాదాపు ఒకటే. 'సూట్స్' రికార్డు బద్దలుకొడుతున్న 2023 వేసవిలోనే హాలీవుడ్ రచయితలు సమ్మెలో ఉన్నారు. ఆ షో తొలి రచయితల్లో ఒకరు పత్రికకు రాసిన వ్యాసంలో, తాను రాసిన ఒక ఎపిసోడ్‌కు ఆ త్రైమాసికంలో ఓటీటీ నుంచి వచ్చింది 259.71 డాలర్లని బయటపెట్టారు. 148 రోజుల సమ్మె తర్వాత, బాగా ఆడిన షోలకు అదనపు చెల్లింపు ఉండేలా ఒప్పందం కుదిరింది. కానీ అది ఓటీటీ కోసం కొత్తగా తీసేవాటికి. ఎక్కడో టీవీలో పుట్టి, ఇక్కడ రెండోసారి బతుకుతున్న షోకు ఆ నిబంధన వర్తించదు. ఈ అంకం మొత్తంలో మింగుడుపడని ముక్క ఇదే.

ఏది చూడాలో మనమే ఎంచుకోవచ్చన్నది ఓటీటీ మొదట్లో ఇచ్చిన పెద్ద ఆశ. ఆ ఎంపికే బరువైనట్టుంది. 2020 చివర్లో నెట్‌ఫ్లిక్స్ ఫ్రాన్స్‌లో మామూలు టీవీలా తనంతట తానే ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ పోయే ఛానెల్ ఒకటి పరీక్షించింది. 2021లో ఏదో ఒకటి పెట్టు అనే అర్థం వచ్చే మీటను తెచ్చింది, పెద్దగా వాడేవాళ్లు లేక తర్వాత తీసేసింది. మీట పోయింది గానీ కోరిక పోలేదు. ప్లూటో టీవీ లాంటి ఉచిత సర్వీసుల్లో ఒకే పాత షోను ఇరవైనాలుగు గంటలూ తిప్పే ఛానెళ్లు వచ్చాయి. 2019లో వయాకామ్ ఆ ప్లూటోను 34 కోట్ల డాలర్లకు కొనేసింది. అక్కడ ఎపిసోడ్ సగంలో ఉండగా దూరాలి, మధ్యలో ప్రకటనలు భరించాలి. ఆ నల్లటి సెకనుకు ఎట్టకేలకు దాని ప్రకటన దానికి దొరికింది.

మరి ముప్పై ఏళ్ల తర్వాత తిప్పి వేయడానికి ఇప్పటివాటిలో ఏం మిగులుతుంది? 'ఫ్రెండ్స్' పదేళ్లలో 236 ఎపిసోడ్లు తీసింది. ఓటీటీ యుగంలో అందరి నోళ్లలో నానిన 'స్ట్రేంజర్ థింగ్స్' 2016 నుంచి 2025 దాకా, దాదాపు అంతే కాలంలో, తీసింది 42. ఒక్కో ఎపిసోడ్ సినిమా అంత ఖర్చుతో, సినిమా అంత హంగుతో వచ్చింది. కథంతా ఒకే దారంగా సాగుతుంది కాబట్టి మధ్యలో ఎక్కడో ఒకచోట దూరి కాసేపు కూర్చునే వీలు తక్కువ. పండగ సినిమాలా ఎప్పుడో ఒకసారి మళ్లీ చూస్తారేమో గానీ, రోజూ రాత్రి పడుకోబోయే ముందు పెట్టుకునేది కాదు.

'సూట్స్' గెలుపు చూసి ఎన్‌బీసీ చేసిన మొదటి పని, లాస్ ఏంజెలెస్ నేపథ్యంగా దానికో కొత్త తోక తగిలించడం. 2025 ఫిబ్రవరిలో మొదలై, ఒక్క సీజన్‌తోనే రద్దయింది. జనం అడిగింది అలాంటిదే ఇంకొకటి కాదు మరి. కొత్త మొహాలను పరిచయం చేసుకునే పని లేదనే కదా పాతదానికి వెళ్లింది.

ఆ షో రద్దయిన ఏడాదే వేరే చోట 'ది పిట్' అనే ఆస్పత్రి కథ నిలబడింది. 331 ఎపిసోడ్లు నడిచిన పాత 'ఈఆర్'లో పనిచేసినవాళ్లలో కొందరు కలిసి ఓటీటీ కోసం తీసింది. నటుడు నోవా వైలీ రెండింటిలోనూ ఉన్నాడు. మొదటి సీజన్‌కు 15 ఎపిసోడ్లు, జనాన్ని మూడేళ్లు ఆగేలా చేయకుండా ఏడాది తిరిగేసరికి రెండో సీజన్. పాత పద్ధతికి ఓటీటీ వేసిన అడుగుల్లో ఇదే కాస్త గట్టిది. ఇదే నడకతో వెళ్లినా అది వంద దాటాలంటే ఏడో సీజన్ రావాలి.